కోనసీమలో ఇంటర్నెట్ నిలుపుదల

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి నీటి పంపకమును గురించి వేరుగా పాఠము చెప్పనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నిలిచిన నీరు బొబ్బర్లంక తలతూముల గుండా మధ్య డెల్టా కాలువలో ప్రవేశించును. అక్కడినుండి పెద్ద కాలువలు, వాటినుండి పిల్ల కాలువలు, వాటినుండి పంట బోదెలు. ఒక రైతు తన బోదెకు అడ్డుకట్ట వేసికొన్నచో ఆ చేను ఒక్కటే ఎండును. లాకు దగ్గర తలుపు దించినచో దాని దిగువనున్న ఊళ్లన్నియు ఎండును. బొబ్బర్లంకలోనే దించినచో కొత్తపేట, అమలాపురము, రాజోలు ప్రాంతములు మూడును ఒక్కసారిగా ఎండును. నీటిని ఆపవలెనా అనునది ఒక ప్రశ్న. ఏ తూము దగ్గర ఆపవలెను అనునది మరియొక ప్రశ్న. ఇంజనీరు పనియు, ప్రభుత్వ విధానమును కలిసికొనునది ఈ రెండవ ప్రశ్న దగ్గరనే.

2022 మే నెలలో కోనసీమ ప్రజలకు ఈ ప్రశ్న వేరొక రకపు కాలువ విషయములో ఎదురైనది. ఆ సంవత్సరము ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లానుండి విడివడి, అమలాపురము ముఖ్యపట్టణముగా కోనసీమ జిల్లా ఏర్పడినది. దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెట్టుటకు ప్రభుత్వము మే నెలలో ప్రతిపాదన ప్రకటించినది. ఆ పేరే తరువాత ఖాయమైనది. ప్రతిపాదనకు వ్యతిరేకముగా మే 24న అమలాపురములో జరిగిన నిరసన అల్లరిగా మారినది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు, బస్సులు తగులబడినవి. జనము గుమికూడుటకు వాట్సాప్ బృందములలో పిలుపులు సాగినవని పోలీసులు చెప్పిరి. అల్లరి వెంటనే జిల్లాలో సెల్‌ఫోనుల ఇంటర్నెట్ ఆపివేయబడినది. తరువాత అది కొన్ని మండలములలో ముందుగాను, కొన్నిటిలో వెనుకగాను తిరిగి వచ్చినది. పూర్తిగా నెలకొనుటకు దాదాపు రెండు వారములు పట్టినది.

ఇంటర్నెట్ తెగిపోని విధముగా కట్టబడినదని విద్యార్థులు పుస్తకములలో చదువుదురు. ఒక దారి మూసికొన్నచో మరియొక దారి వెదకికొనుట దాని స్వభావమని ఉపాధ్యాయులు చెప్పుదురు. అది నిజమే. అట్టిది, ఒక్క ఉత్తరువుతో ఒక జిల్లా మేర ఎట్లు ఆగినది?

1960 ప్రాంతములో పాల్ బరాన్ అను అమెరికను ఇంజనీరు ర్యాండ్ సంస్థలో పనిచేయుచు ఒక సమస్యను పట్టుకొనెను. యుద్ధములో కొన్ని టెలిఫోను కేంద్రములు ధ్వంసమైనను మిగిలినవి పరస్పరము మాటలాడుకొనగల ఏర్పాటు ఎట్లుండవలెను? అతడు 1964లో ప్రకటించిన సమాధానములో రెండు అంశములు ముఖ్యమైనవి. మొదటిది, ప్రతి కేంద్రమును ఒక్క పెద్ద కేంద్రముతో గాక చుట్టునున్న అనేక కేంద్రములతో కలుపవలెను. రెండవది, వార్తను చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకమీద చేరవలసిన చిరునామా వ్రాసి విడిచిపెట్టవలెను. ప్రతి తునకయు ఆ క్షణమున తెరచియున్న దారిన పోవును. గమ్యము చేరిన పిమ్మట తునకలన్నియు వరుసలో కూర్చబడును. ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా ఈ ఆలోచనకే వచ్చి, ఆ తునకలకు ప్యాకెట్లు, అనగా పొట్లములు, అని పేరు పెట్టెను. 1969 అక్టోబరు 29న అమెరికాలో రెండు కంప్యూటర్ల నడుమ ఇట్టి పొట్లములు మొదటిసారి నడచినవి. మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ అందించుట ప్రారంభించినది.

అనేక దారులుండుట వలన కలుగు బలమును విద్యార్థులు చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఏదైన ఒక దారి చెడిపోవుటకు పదింట ఒక అవకాశమున్నదనుకొందము. ఒకే దారి ఉన్నచోట సంబంధము తెగిపోవు అవకాశము పదింట ఒకటి. ఒకదానితో ఒకటికి సంబంధము లేని మూడు దారులున్నచో, మూడును ఒకేసారి చెడవలెను గనుక ఆ అవకాశము వేయింట ఒకటికి దిగును. “సంబంధము లేని” అను మాట ఇచ్చట అతి ముఖ్యము. మూడు తంతులను ఒకే వంతెన వెంబడి తీసికొనిపోయినచో, వంతెన కూలిననాడు మూడును కలిసియే కూలును. రాజోలు ప్రాంతమువారికి ఇది వింత కాదు. వైనతేయ పాయమీద గన్నవరము దగ్గర 1850 ప్రాంతములో కట్టిన అక్విడక్టు మీదుగానే ఆవలి లంకకు కాలువ నీరు పోయెడిది. కిందనేమో నది, పైన కాలువ. 49 కమానుల ఆ కట్టడము ఒక నూరేండ్లకు పైగా ఒంటరిగా ఆ భారము మోసినది. పిమ్మట డొక్కా సీతమ్మ పేరిట దాని ప్రక్కనే కొత్త అక్విడక్టు కట్టిరి.

బరాన్ చెప్పిన వలవంటి అమరిక ఇంటర్నెట్ నడిబొడ్డున మాత్రమే ఉన్నది. హైదరాబాదు, చెన్నై, ముంబయి వంటి నగరముల నడుమ తంతులు అనేకముగా అల్లుకొనియున్నవి. అక్కడినుండి పల్లెకు వచ్చుకొలది ఆ వల సన్నగిల్లి చెట్టువలె మారును. మాను, కొమ్మ, రెమ్మ, ఆకు. ఆకునుండి రెమ్మకు దారి ఒక్కటే. ఒక సంస్థ ఫోను వాడువాడు తన సంస్థ టవరు ద్వారా తప్ప మరియొక విధముగా పెద్దవలను చేరలేడు. ఇంటర్నెట్ మధ్యలో తెగదు, కొసన తెగును.

సెల్‌ఫోను పేరులోనే దాని నిర్మాణము ఉన్నది. సెల్ అనగా గది. దేశమంతటిని తేనెపట్టు గదులవలె చిన్న చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదికి ఒక టవరుమీది యాంటెన్నాను నియమింతురు. ప్రతి గదికి ఒక సంఖ్య ఉండును. జిల్లాలో ఇంటర్నెట్ ఆపవలెనని ఉత్తరువు అందగానే ఎవరును టవరులెక్కి తీగలు కత్తిరింపనక్కరలేదు. జిల్లా పరిధిలోని గదుల సంఖ్యలను పట్టికగా తీసి, ఆ గదులలో డేటా సౌకర్యము నిరాకరింపవలెనని దూరముననున్న అదుపు కేంద్రములో కూర్చుండి కంప్యూటరుకు ఆజ్ఞ ఇచ్చిన చాలును. కొన్ని నిమిషముల పని.

టవరు నిలిచిపోదు గనుకనే మాటలు ఆగవు. పాత తరము సెల్‌ఫోను వ్యవస్థలో మాటకును డేటాకును దారులు మొదటినుండియు వేరు. నాలుగవ తరములో మాట కూడ పొట్లములుగానే పోవును. ఐనను సంస్థ దానికి ప్రత్యేకమైన బోదె వంటి మార్గము కేటాయించును. ఒక బోదె తెరచియుంచి రెండవదానిని మూయవచ్చును. అనగా ఈ తూము అంత మొరటుది కాదు. ఏ ప్రాంతము, ఏ రకము సేవ అను రెండు విషయములలో అది భేదము చూపగలదు. చూపలేనిది మూడవ విషయములో: పొట్లములో ఉన్నది పుకారా, జీతపు లెక్కయా అనునది దానికి తెలియదు. 2016 నుండి వాట్సాప్ వార్తలన్నియు పంపువాని ఫోనులో తాళము వేయబడి, అందుకొనువాని ఫోనులో మాత్రమే తెరవబడుచున్నవి. నడుమనున్న టవరుకు గాని, టవరు సంస్థకు గాని పెట్టె కనబడునే తప్ప పెట్టెలోని వస్తువు కనబడదు.

రేడియో తరంగములకు జిల్లా సరిహద్దు తెలియదు. గౌతమీ పాయకు ఈవల ఎదుర్లంక, ఆవల యానాం. ఎదుర్లంక కోనసీమలోనిది, యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. రెండింటి నడుమ బాలయోగి వారధి. నదిమీద చెట్లు, మేడలు అడ్డులేవు గనుక ఆవలి ఒడ్డు టవరు కాంతి, అనగా కంటికి కనబడని ఆ తరంగము, ఈవలి ఒడ్డుకు సులభముగా చేరును. ఈ సందర్భములో మరియొక చిక్కు కూడ కలదు. టెలిఫోను సంస్థల విభజనలో యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిలులో చేరియున్నది. పుదుచ్చేరిలోని మిగిలిన ముఖ్యభాగము తమిళనాడు సర్కిలులో ఉన్నది. కాని శాంతిభద్రతల విషయములో ఆంధ్రప్రదేశ్ హోం శాఖ ఉత్తరువు యానాంలో చెల్లదు. నది గీసిన హద్దు ఒకటి, చట్టము గీసినది ఒకటి, టెలిఫోను సంస్థలు గీసినది ఒకటి, తరంగము గీసికొన్నది మరియొకటి. ఈ నాలుగును ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చొనవు.

ఈ నిలుపుదల ఎవరిని ఎట్లు తాకినదో చూచినచో తూము స్వభావము మరింత స్పష్టమగును. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించిన పిమ్మట హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థలలోని కోనసీమ యువకులు అనేకులు స్వగ్రామములకు వచ్చి, కొబ్బరితోటల నడుమ ఇంటినుండియే పనిచేయసాగిరి. 2022 మే మాసాంతమున వీరిలో పలువురు యానాం, కాకినాడ, రాజమహేంద్రవరము వంటి ఊళ్లకు మకాము మార్చవలసి వచ్చినది. అల్లరికిని వీరి పనికిని సంబంధము లేదు; కాని ఇరువురి పొట్లములును ఒకే బోదెలో పోవును.

సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఇట్టి అవాంతరమును ముందే ఊహించి చేసిన పనిముట్టు ఒకటున్నది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను దానిలో, ఒక ప్రోగ్రాము మీద పనిచేయు ప్రతివాని కంప్యూటరులోను ఆ ప్రోగ్రాము పూర్తి ప్రతియు, దాని మార్పుల చరిత్రయు ఉండును. సంబంధము తెగినను అతడు పని సాగించి, మార్పులను తన దగ్గరనే నమోదు చేసికొని, సంబంధము కుదిరిన రోజున ఇతరుల మార్పులతో కలుపవచ్చును. గ్రామ కరణము తన ఊరి లెక్కలు తన దగ్గర వ్రాసికొని, జమాబందినాడు తాలూకా లెక్కలతో సరిచూచినట్లు. కాని ఈ రోజులలో ఉపయోగములోనున్న యాప్‌లలో అధిక భాగము ఇట్లు కట్టినవి కావు. పని మొదలుపెట్టుటకే దూరముననున్న కంప్యూటరు అనుమతి కోరును. ఇంటర్నెట్ ఎల్లప్పుడు ఉండునని నమ్మి కట్టిన యాప్, వాన ఎల్లప్పుడు వేళకు కురియునని నమ్మి చెరువు తవ్వని ఊరి వంటిది. ఆ తప్పు ప్రభుత్వముది కాదు, ఇంజనీరుది.

డబ్బు చెల్లింపులలో ఇది ఇంకను కొట్టవచ్చినట్లు కనబడును. 2016లో మొదలైన యూపీఐ పద్ధతి కిళ్లీ కొట్టునుండి ఎరువుల కొట్టు వరకు వ్యాపించినది. దీనికి ఫోనులో డేటా కావలెను. డేటా లేని సామాన్య ఫోనులనుండి మాట ద్వారా చెల్లించుటకు యూపీఐ 123పే అను ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2022 మార్చిలోనే, అనగా కోనసీమ సంఘటనకు రెండు నెలల ముందు, ప్రారంభించినది. మాటల బోదె తెరచియుండినది గనుక సూత్రరీత్యా ఆ దారి పనిచేయవలెను. ఉన్న దారి తెలియకపోవుటయు దారి లేకపోవుటతో సమానమే. పాఠశాలలలో ఇట్టివి నేర్పుట కష్టమైన పని కాదు.

ఆటలాడు కుర్రవారి గోడును పెద్దలు పట్టించుకొనరు. కాని వారికి ఒక భౌతికశాస్త్ర సూత్రము బాగుగా తెలియును. పోటీ ఆటకు కావలసిన డేటా సినిమాకు కావలసినదానితో పోల్చిన అతి స్వల్పము. అది క్షణము తప్పక రావలెను. నారుమడికి నీరు కొద్దిగానే కావలెను గాని వేళకు కావలసినట్లు. గాజుతంతిలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. అమలాపురమునుండి హైదరాబాదుకు తంతి మార్గము 500 కిలోమీటర్లనుకొన్నచో, పోయి వచ్చుటకు సెకనులో 200వ వంతు చాలును. రెండవ తరము సెల్‌ఫోను డేటాలో అదే రాకపోకకు అర సెకను, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. “పూర్తిగా ఆపక వేగము తగ్గించినాము” అని అధికారులు చెప్పినప్పుడు, ఆటగానికిని, దూరమునుండి రోగిని చూచు వైద్యునికిని అది ఆపివేయుటతో సమానమే కావచ్చును.

ఆటల విషయములోనే ప్రభుత్వము చిన్న తూము మూసిన ఉదాహరణ కూడ ఉన్నది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి ఆటలను నిషేధించినది. ఇంటర్నెట్‌ను ఆపలేదు, ఒక్క రకపు ఆటను మాత్రము ఆపదలచినది. అమలులో ఎదురైన చిక్కు మరల హద్దుల చిక్కే. ఆటగాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడని ఆట నడుపు సంస్థకు ఎట్లు తెలియును? ఇంటర్నెట్ చిరునామానుబట్టి ఊహించినచో అమలాపురములోనివాడు హైదరాబాదులో ఉన్నట్లు కనబడవచ్చును. ఏలయనగా చిరునామాలను సంస్థలు పెద్ద కేంద్రమునుండి పంచును. ఉపగ్రహముల సహాయముతో స్థలము నిర్ణయించు జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలదు. అప్పుడు ఎదుర్లంకలో కూడని ఆట, వారధి దాటి యానాంలో కూడునదగును. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది. ఆ చట్టమే డబ్బు పందెము లేని పోటీ ఆటలను క్రీడగా గుర్తించినది. నిషేధము మంచిదా చెడ్డదా అను వాదము ఎట్లున్నను, తూము ఎన్నికలో మాత్రము ఇది బోదె దగ్గరి తూము.

పుకారుకు అట్టి చిన్న తూము ఉన్నదా? ఈ ప్రశ్నకు గణితము కొంత సమాధానము చెప్పును. ఒక వార్తను అందుకొన్న ప్రతివాడును దానిని 20 మందికి పంపుననుకొందము. మొదటి విడతలో 20, రెండవ విడతలో 400, మూడవ విడతలో 8,000, నాలుగవ విడతలో 1,60,000. అదే ప్రతివాడును 5 మందికి మాత్రమే పంపగలిగినచో నాలుగవ విడతలో 625. ఒక్కరికి మాత్రమే పంపగలిగినచో ఎన్ని విడతలైనను ఒక్కొక్కటే. అంటువ్యాధుల లెక్కయు ఇదే. ఒక రోగి సగటున ఎందరికి అంటించును అనుదానిమీదనే అంతయు ఆధారపడును. 2018లో మన దేశములో పుకార్లవలన హత్యలు జరిగిన పిమ్మట వాట్సాప్ సంస్థ ఒక వార్తను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపనీయకుండ తన సాఫ్ట్‌వేర్ మార్చినది. 2019 జనవరిలో ప్రపంచమంతట అదే నియమము పెట్టినది. 2020 ఏప్రిల్‌లో, అనేక చేతులు మారివచ్చిన వార్తను ఒకసారికి ఒక్క చోటికే పంపవలెనని బిగించి, అట్టి వార్తల రాకపోకలు 70 శాతము తగ్గినవని చెప్పుకొనినది.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉన్నది. విద్యార్థులు దానిని తామే పట్టుకొనగలరు. “ఐదు చోట్లు” అన్నప్పుడు ఒక్కొక్క చోటు 256 మంది సభ్యులున్న బృందము కావచ్చును. అప్పుడు ఒక్క విడతలోనే 1,280 మందికి చేరును. కనుక ఈ తూము నీటిని పూర్తిగా ఆపదు, ఒరవడిని తగ్గించును. ఐనను దానికొక గుణము కలదు. పుకారు మెల్లగా నడచినంతసేపు నిజము దానిని అందుకొనుటకు వీలుండును. ఇంటర్నెట్ మొత్తము ఆగినచో పుకారు నోటిమాటగా నడచును. దానిని ఖండించు కలెక్టరు ప్రకటన ఫోనుకు రాదు.

అధికారుల వాదమును తేలికగా త్రోసివేయరాదు. మే 24న జనము గంటలలో కూడినది. తగులబడుచున్న ఇంటి ముందు నిలిచిన పోలీసు అధికారికి సాఫ్ట్‌వేర్ సంస్థతో ఉత్తరప్రత్యుత్తరములకు వ్యవధి ఉండదు. చేతిలోనున్న తూము ఏదో దానినే దించును. చర్చింపదగినది మొదటి రాత్రి గాదు, పదవ రోజు.

మధ్యేమార్గమని తోచునది ఒకటి ఇదివరకే పరీక్షకు వచ్చినది. జమ్ము కాశ్మీరులో 2019 ఆగస్టు 4 రాత్రి నుండి ఇంటర్నెట్ ఆగినది. 2020 జనవరిలో కొన్ని వెబ్‌సైటులను మాత్రము అనుమతించుచు పట్టికలు వెలువడినవి. మొదట 153, కొద్ది రోజులలో 301. మంచివానిని పోనిచ్చి మిగిలినవానిని ఆపుట వినుటకు న్యాయముగానే ఉన్నది. కాని నేటి వెబ్ పుట ఒక చోటినుండి వచ్చునది కాదు. బ్యాంకు పుట తెరచినచో అక్షరముల రూపము ఒక కంప్యూటరునుండి, బొమ్మలు మరియొకదానినుండి, భద్రతా పరీక్ష ఇంకొకదానినుండి వచ్చును. పట్టికలో బ్యాంకు పేరుండి ఈ సహాయకుల పేర్లు లేనిచో పుట సగము తెరచుకొని ఆగిపోవును. పెండ్లికొడుకును రానిచ్చి పురోహితుని, బాజాలవారిని గుమ్మము దగ్గర ఆపినట్లు. అక్కడ నాలుగవ తరపు వేగము తిరిగి వచ్చినది 2021 ఫిబ్రవరి 5ననే.

చట్టము ఈ విషయములో నెమ్మదిగా నడచినది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము కింద 2017 ఆగస్టులో మొదటిసారి ప్రత్యేక నియమములు వచ్చినవి. రాష్ట్రములో హోం శాఖ కార్యదర్శి ఉత్తరువు ఇయ్యవలెను, కారణములు వ్రాయవలెను, సమీక్షా సంఘము ఐదు పనిదినములలో పరిశీలింపవలెను. 2020 జనవరి 10న అనురాధా భసీన్ వ్యాజ్యములో సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, అట్టి ఉత్తరువులను ప్రచురింపవలెననియు, గడువు లేని నిలుపుదల చెల్లదనియు, చర్య అవసరమునకు తగిన పాళ్లలో ఉండవలెననియు నిర్దేశించినది. ఆ సంవత్సరము నవంబరులో ఒక ఉత్తరువు 15 రోజులకు మించి ఉండరాదని నియమము చేరినది. కోనసీమ నిలుపుదల జరిగినది ఈ నియమముల కాలములోనే. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము, 2024 నవంబరులో దాని కింద కొత్త నియమములు వచ్చినవి. 15 రోజుల గడువు వాటిలోను ఉన్నది.

“తగిన పాళ్లు” అని న్యాయమూర్తులు వాడిన మాట ఇంజనీరు చెవికి కొలతగా వినబడును. కొలత లేక పాళ్లు ఎట్లు తేలును? 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘము ఇదే ఎత్తి చూపినది: దేశములో ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆగినదో కేంద్ర శాఖలు లెక్క ఉంచుటలేదనియు, ఆపినందువలన శాంతి నెలకొనినదా అని అధ్యయనము చేయలేదనియు. లెక్క బయటివారు వేయవలసి వచ్చినది. యాక్సెస్ నౌ అను అంతర్జాతీయ సంస్థ 2022లో 35 దేశములలో 187 నిలుపుదలలు జరిగినట్లు లెక్కించినది. అందులో 84 భారతదేశములోనివి. కోనసీమ ఆ 2022లోనిదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో యాన్ రిడ్జాక్ అను పరిశోధకుడు భారతదేశపు సంఘటనలను దినవారీగా పరిశీలించి, నిలుపుదల ఉన్నప్పుడు శాంతియుత నిరసన తగ్గి, ఏర్పాటు అక్కరలేని హింసాత్మక చర్యలు పెరుగు ధోరణి కనబడినదని 2019లో వ్రాసెను. శాంతియుత ఊరేగింపుకు ముందుగా కబురులు కావలెను. రాయి విసరుటకు అక్కరలేదు.

కోనసీమలో ఇంటర్నెట్ మండలముల వారీగా వేరువేరు దినములలో తిరిగి వచ్చుట అధ్యయనమునకు అనుకూలమైన అంశము. ప్రయోగశాలలో ఒక కుండీకి నీరు పోసి, ప్రక్క కుండీకి పోయక చూచినట్లు, ముందు తెరచిన మండలములను వెనుక తెరచినవాటితో పోల్చవచ్చును. ఏ మండలములో ఏ తేదీన డేటా వచ్చినదో ఒక వరుస, ఆ తేదీలలో అక్కడ నమోదైన కేసులు ఒక వరుస. గ్రాఫు కాగితము చాలును. ఐతే ఒక జాగ్రత్త అవసరము. ముందుగా తెరచినవి ప్రశాంతముగా ఉన్నవని తోచిన మండలములే కావచ్చును. అక్కడ కేసులు తక్కువగా కనబడినచో, అది డేటా వచ్చినందువలనననో, రానిచోట శాంతి ఉన్నందుకు డేటా లేకపోవుటయే కారణమనో తేల్చి చెప్పుటకు వీలులేదు. ఒకే ఉత్తరువు కింద ఉండి, అల్లరికి ముందు నెలలలో ఒకే తీరుగానున్న ఇరుగుపొరుగు మండలములను జతలుగా తీసికొని పోల్చవలెను.